కిటికీ ఎవరిది? (తెలుగు అక్షరం, ప్రత్యామ్నాయ బ్రౌజరు: ఒక చారిత్రక పరిశీలన)

1

అచ్చుయంత్రం చరిత్ర రాసినవాళ్ళు యంత్రం గురించి చాలా రాశారు. గూళ్ళముందు నిలబడి సీసపు అక్షరాలు ఏరి కూర్చిన కంపోజిటరు గురించి తక్కువ రాశారు. ఇంటర్నెట్టు విషయంలోనూ అదే జరుగుతున్నది. కంపెనీలు ఎట్లా పుట్టాయి, ఎవరు ఎంత గడించారు అనే కథలు కావలసినన్ని దొరుకుతాయి. ఒక చిన్న పట్నంలో, సొంత కంప్యూటరు లేని మనిషి, తన భాషలో తన పేపరు చదువుకోవటానికి ఏమేమి నేర్చుకోవలసి వచ్చింది, అసలు ఎందుకు నేర్చుకోవలసి వచ్చింది అన్నది మాత్రం చరిత్రగా నమోదు కావటం అరుదు.

అందుకని ఈ వ్యాసంలో నేను ఒక చిన్న సాధనాన్ని తీసుకుంటున్నాను: బ్రౌజరు. జాలంలో ఎక్కడో ఉన్న పుటను తెచ్చి మన తెరమీద చూపించే సాధనం అది. విహరిణి అని తెలుగు చేసినవాళ్ళున్నారు. జనం నోట బ్రౌజరు అనే మాటే నిలిచింది గనక నేనూ అదే వాడతాను. కంప్యూటరుతోపాటు వచ్చిన బ్రౌజరును పక్కన పెట్టి మరొకటి వాడటం నేర్చుకోవటం పైకి చాలా అల్పమైన విషయంగా కనిపిస్తుంది. ఏ బ్రౌజరైతేనేం, పని జరిగితే చాలదా అని మిత్రులు అడుగుతారు. ఇంగ్లీషు చదివేవాడికి ఆ ప్రశ్న సబబుగానే ఉండవచ్చు. తెలుగు చదివేవాడికి మాత్రం 2000 తరవాతి దశాబ్దంలో ఆ ప్రశ్నకు మరో అర్థం ఉన్నది. తెరమీద కనిపించే తెలుగు అక్షరం అందరి సొత్తా, లేక ఒక కంపెనీ కిటికీలోంచి చూస్తేనే కనిపించే బొమ్మా? ప్రత్యామ్నాయ బ్రౌజరు నేర్చుకోవటం వెనక ఉన్న అసలు ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. అనకాపల్లిలో మేము దాన్ని నేర్చుకున్న తీరు చెప్పాలంటే ముందు ఆ సాధనం చరిత్ర కొంత చెప్పుకోవాలి.

2

ప్రత్యామ్నాయం అనే మాట ఒక అధికారిక వస్తువు ఉన్నప్పుడే పుడుతుంది. మొదట్లో బ్రౌజర్లలో అధికారికమైనదంటూ లేదు. 1990లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజరు రాశాడు. అందులో పుటను చదవటంతోపాటు అక్కడికక్కడే దిద్దవచ్చు కూడా. చదివేవాడూ రాసేవాడూ ఒక్కరే కావాలన్న ఊహ అందులో ఉన్నది. అది నెక్స్ట్ అనే ఖరీదైన యంత్రాలమీదే నడిచేది గనక, మామూలు యంత్రాలమీద నడిచేటట్లు, అక్షరాలు మాత్రమే చూపే సాదా బ్రౌజరును నికోలా పెల్లో అనే విద్యార్థిని తయారు చేసింది. 1992లో ఫిన్లాండు విద్యార్థులు ఎర్వైజ్ తెచ్చారు. అమెరికాలో వయోలా, లింక్స్ వచ్చాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. ప్రజాధనంతో నడిచిన సంస్థలో పుట్టిన సాధనం ప్రజలకే చెందటం సహజం.

ఆ ఏడాదే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బైనా మొజాయిక్ బ్రౌజరును తెచ్చారు. దానితో జాలానికి బొమ్మలు వచ్చాయి, జనమూ వచ్చారు, వెనకనే పెట్టుబడీ వచ్చింది. ఆండ్రీసెన్ 1994లో నెట్‌స్కేప్ కంపెనీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. మొజాయిక్ హక్కులు విశ్వవిద్యాలయం నుంచి స్పైగ్లాస్ అనే కంపెనీకి వెళ్ళాయి, దాని దగ్గర మైక్రోసాఫ్టు లైసెన్సు తీసుకుని 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు తయారు చేసింది. అమ్మిన ప్రతి ప్రతికీ వాటా వస్తుందని స్పైగ్లాస్ ఆశపడింది. మైక్రోసాఫ్టు ఆ బ్రౌజరును విండోస్‌తో ఊరికే ఇచ్చింది. అమ్మకం లేనప్పుడు వాటా ఎక్కడిది? 1997లో 80 లక్షల డాలర్ల రాజీతో ఆ తగాదా ముగిసింది. ఊరికే ఇవ్వటం కూడా మార్కెట్టును ఆక్రమించే పద్ధతే అని ఈ ఒక్క ఉదాహరణ చాలు చూపటానికి.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. విద్యార్థులకిచ్చిన చవక ఖాతాల్లో నల్లటి తెరమీద అక్షరాలు మాత్రమే కనిపించేవి. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చాక పట్నాల్లో నెట్ సెంటర్లు మొలిచాయి. సరిగ్గా ఆ కాలానికే అమెరికాలో బ్రౌజర్ల యుద్ధం దాదాపు ముగిసింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్టుమీద దావా వేసింది. 2000లో న్యాయమూర్తి జాక్సన్ ఆ కంపెనీని రెండుగా చీల్చమన్నాడు. 2001 జూన్‌లో పైకోర్టు గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలుపుకున్నారన్న తీర్పును నిలబెట్టి, చీల్చమన్న ఉత్తర్వును కొట్టివేసింది. కోర్టు వ్యవహారం సాగినంతకాలమూ మార్కెట్టు ఆగలేదు. 2002, 2003 నాటికి ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే వాడుతున్నారు. మన నెట్ సెంటర్లలో తెరమీద ఉన్న నీలిరంగు ‘ఇ’ గుర్తునే జనం ఇంటర్నెట్టు అనుకున్నారు.

గుత్తాధిపత్యం స్థిరపడ్డాక ఏమవుతుంది? పని ఆగిపోతుంది. ఎక్స్‌ప్లోరరు ఆరో కూర్పు 2001 ఆగస్టులో వచ్చింది, ఏడోది 2006 అక్టోబరుదాకా రాలేదు. అంతకుముందు దాదాపు ఏటా కొత్త కూర్పు తెచ్చిన కంపెనీయే పోటీ చచ్చిపోయాక ఐదేళ్ళు ఊరుకున్నది.

ఓడిపోయిన నెట్‌స్కేప్ మాత్రం ఒక మంచి పని చేసింది. 1998 మార్చి 31న తన బ్రౌజరు మూలరచనను బహిరంగం చేసింది. మొజిల్లా ప్రాజెక్టు దాన్నుంచి పుట్టింది. 2002లో ఫీనిక్స్ పేరుతో మొదలైన తేలిక బ్రౌజరు, పేర్ల తగాదాలమీద ఫైర్‌బర్డ్ అయి, చివరకు 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్‌గా వెలువడింది. మన బ్లాగరులు దాన్ని సరదాగా మంటనక్క అన్నారు. ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రెండు పుటల ప్రకటన వచ్చింది. అందులో చందాలిచ్చిన వేలమంది పేర్లు సన్నటి అక్షరాల్లో అచ్చువేశారు. ఒక సాఫ్టువేరు కోసం జనం చందాలు వేసుకుని ప్రకటన ఇవ్వటం కొత్త. అయితే ఇదంతా ఇంగ్లీషు ప్రపంచపు కథ. తెలుగు కథ మరో చోట మొదలవుతుంది.

3

1990ల మొదట్లో అమెరికాలోని తెలుగువాళ్ళు యూజ్‌నెట్ చర్చాబృందాల్లో తెలుగును రోమను లిపిలో రాసుకున్నారు. అందుకోసం రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతిని స్థిరపరిచారు. అటు 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అంటే క, ఖ, గ లకు ప్రపంచంలోని ఏ కంప్యూటరులోనైనా చెల్లే అంకెలు అప్పటికే ఉన్నాయి. అవి వాడకంలోకి రావటానికి మాత్రం పదేళ్ళు పట్టింది. విండోస్‌లో తెలుగు యూనికోడ్, గౌతమి ఖతితోపాటు, 2001లో ఎక్స్‌పి. కూర్పుతోగాని రాలేదు.

మన దినపత్రికలు అంతదాకా ఆగలేదు, ఆగవలసిందనీ నేననను. 1990ల చివర అవి జాలంలోకి వచ్చాయి. డి.టి.పి.లో అప్పటికే వాడుతున్న పద్ధతినే తెరమీదికి తెచ్చాయి. ఆ పద్ధతి ఏమిటో తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు.

లెటర్‌ప్రెస్ కంపోజింగు చూసినవాళ్ళకు ఇది సులభంగా తెలుస్తుంది. కేసులో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు దేని గూటిలో అవి ఉంటాయి. కంపోజిటరు వాటిని ఏరి అక్షరం కూరుస్తాడు. డి.టి.పి. ఖతులు చేసింది కూడా అదే. కాకపోతే గూళ్ళు కొత్తగా కట్టుకోలేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గూళ్ళలో మన గుడులూ కొమ్ములూ పెట్టారు. ప్రతి కంపెనీ తనకు తోచిన గూట్లో తనకు తోచిన ముక్క పెట్టింది. ఒక ఖతిలో ఏత్వం ఉన్న చోట మరో ఖతిలో నావత్తు ఉంటుంది. ఖతి ఉన్నంతవరకు తెలుగు కనిపిస్తుంది. ఖతి తీసేస్తే టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు మిగులుతాయి. కంప్యూటరుకు సంబంధించినంతవరకు అసలు ఉన్నవి అవే. తెలుగు అక్కడ లేదు, తెలుగు బొమ్మ మాత్రమే ఉన్నది.

పాఠకుడి యంత్రంలో ఆ ఖతి లేకపోతే ఎట్లా? పుటతోపాటే ఖతిని పంపే ఏర్పాటు 1997 ప్రాంతాల్లో వచ్చింది. నెట్‌స్కేప్‌ది ఒక పద్ధతి, మైక్రోసాఫ్టుది మరొకటి. ఒకదాని ఖతి రెండోదానికి పనికిరాదు. నెట్‌స్కేప్ పోయాక మిగిలింది మైక్రోసాఫ్టు పద్ధతే. ఆ విధంగా తెలుగు పత్రికల పుటలు ఎక్స్‌ప్లోరరులోనే చక్కగా కనిపించే స్థితి వచ్చింది. దీని వెనక ఎవరి కుట్రా లేదు. ఉమ్మడి ప్రమాణాన్ని పక్కన పెట్టి పని జరుపుకుంటే చివరకు పని బలవంతుడి గుమ్మంలోనే జరుగుతుంది, అంతే.

ఈ దశలో వెన్న నాగార్జున చేసిన పని తెలుగు అక్షరాల చరిత్రలో చెప్పుకోదగినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసింది ఆయనే. ఆయనే ‘పద్మ’ అనే పొడిగింపును ఫైర్‌ఫాక్స్ వంటి మొజిల్లా బ్రౌజర్ల కోసం రాశారు. ఈనాడు, వార్త మొదలైన పత్రికలు వాడిన ఖతుల్లోని గూళ్ళ లెక్కను అది చదివి, ఆ ముక్కలన్నిటినీ తిరిగి యూనికోడ్ తెలుగుగా కూర్చి చూపుతుంది. బొమ్మను మళ్ళీ అక్షరం చేస్తుందన్నమాట. మూలరచన బహిరంగంగా ఉండి, పొడిగింపులను రానిచ్చే బ్రౌజరు ఉండబట్టే ఒక వ్యక్తి, ఏ కంపెనీ అనుమతీ అడగకుండా, ఈ పని చేయగలిగాడు. పద్మ ఇంజనును ఆధారం చేసుకునే వీవెన్ ‘లేఖిని’ని తయారు చేశారు. దానితో బ్రౌజరులోనే తెలుగు రాయటం వేలమందికి పట్టుబడింది.

4

ఇక అనకాపల్లి సంగతి. అనకాపల్లి ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4దాకా విశాఖపట్నం జిల్లాలో ఒక పట్నం. శారదా నది పక్కన, దేశంలో పేరుపడ్డ బెల్లం మార్కెట్టు ఉన్న ఊరు. నేను చెప్పేది 2006, 2007 నాటి మాట. అప్పటికి మెయిన్‌రోడ్డు సందుల్లో నాలుగైదు నెట్ సెంటర్లుండేవి. గంటకు పదిహేనో ఇరవయ్యో తీసుకునేవారు. పరీక్షా ఫలితాలు, ఉద్యోగ దరఖాస్తులు, గల్ఫుకో అమెరికాకో పోయిన పిల్లలతో మాటలు, ఇవీ అక్కడ జరిగే పనులు. నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. చెరకు రైతుల మీద, బెల్లం మార్కెట్టు కలాసీల మీద పత్రికల్లో వచ్చిన వార్తలు, వ్యాసాలు పోగు చేయటం నాకున్న పని. జిల్లా అనుబంధాల్లోని వార్తలు మర్నాటికి బజ్జీల పొట్లాలవుతాయి. జాలంలోనైనా నిలుస్తాయేమోనని సెంటరుకు వెళ్ళేవాణ్ణి.

నిలిచాయి గాని దొరికేవి కావు. ‘బెల్లం’ అని తెలుగులో వెతికితే ఒక్క వార్తా రాదు. పేపరు తెరమీద తెలుగులో కనిపిస్తూనే ఉంటుంది, వెతికే యంత్రానికి మాత్రం అందులో తెలుగు లేదు. ఒక వార్తను నకలు చేసి దాచుకుంటే మర్నాడు టోపీల అక్షరాలే మిగులుతాయి. ఈ సంగతి మొదట వివరించింది మాతో వచ్చే డి.టి.పి. ఆపరేటరు. అతని తండ్రి ఒకప్పుడు లెటర్‌ప్రెస్‌లో కంపోజిటరు. “ఇది అక్షరం కాదు మాస్టారూ, అక్షరం బొమ్మండి. మా ఫైలు ఖతి లేని సిస్టంలో తెరిస్తే ఇలాగే వస్తాది” అన్నాడు. నెలల తరబడి పుస్తకాల్లో దొరకని సంగతి ఆ వృత్తిలో ఉన్నవాడు ఒక్క మాటలో చెప్పాడు.

ఫైర్‌ఫాక్స్, పద్మల గురించి విశాఖలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడొకడు చెప్పాడు. చెప్పినంత సులభంగా అది రాలేదు. ఎక్స్‌పి.లో తెలుగు కావాలంటే ముందు భారతీయ లిపుల మద్దతును ఎక్కించాలి. దానికి విండోస్ సి.డి. కావాలి. సెంటరు యజమాని దగ్గర ఆ సి.డి. ఉండదు. ఎవరినో బతిమాలి తెచ్చి ఎక్కిస్తే, యంత్రం ఆపి మళ్ళీ వేసేసరికి అంతా మాయం. పిల్లలు ఆటలూ వైరసులూ ఎక్కిస్తారని, ప్రతిసారీ యంత్రాన్ని పాత స్థితికి తెచ్చే సాఫ్టువేరు సెంటర్లలో వేసేవారు. “ఏటండీ మాస్టారూ, మళ్ళీ ఎగిరిపోనాదా? మీకోసం ఆ మూల సిస్టం ఒకటి వదిలేత్తాను, అందులో ఏటి పెట్టుకుంటారో పెట్టుకోండి” అన్నాడు సెంటరు నడిపే అబ్బాయి. అప్పటినుంచి ఆ మూల యంత్రం మా బడి అయింది. ఫైర్‌ఫాక్స్‌ను పెన్‌డ్రైవులో పెట్టుకుని, ఎక్కించకుండానే నడుపుకునే కూర్పు ఉన్నదని తెలిశాక, దాన్ని పద్మతో సహా జేబులో వేసుకుని మిగతా సెంటర్లకూ వెళ్ళాం.

వారానికి రెండు సాయంత్రాలు ఐదారుగురం చేరేవాళ్ళం. బీమా ఆఫీసు గుమాస్తా ఒకాయన, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు, డి.టి.పి. ఆపరేటరు, నేను. మేము నేర్చుకున్నవి ఇవీ: ఒకే కిటికీలో అనేక పుటలను పక్కపక్కన తెరుచుకోవటం. ఎక్స్‌ప్లోరరు ఆరులో ఈ సౌకర్యం లేదు, నాలుగు పత్రికల్లో ఒకే వార్త పోల్చి చదవటానికి ఇది ఎంత ఉపయోగమో విడమరచి చెప్పనక్కరలేదు. పుట గజిబిజిగా వచ్చినప్పుడు, మెనూలో అక్షర సంకేతాల జాబితా తెరిచి యూనికోడ్ ఎంచుకోవటం. పద్మలో పత్రిక సైటు పేరు చేర్చి, దాని పుటలు వచ్చినప్పుడల్లా దానంతటదే యూనికోడుగా మారేటట్లు పెట్టుకోవటం. చివరగా, పుట మూలాన్ని తెరిచి చూడటం. కంటికి కనిపించే పుట వెనక మనిషి రాసిన మరో పుట ఉన్నదని, దాన్ని చదవవచ్చునని ఆ అమ్మాయిలకు తెలిసిన రోజు ఆ మూల యంత్రం దగ్గరినుంచి వాళ్ళను లేపటం కష్టమైంది.

పద్మ పెట్టుకున్నాక ఒక దినపత్రిక జిల్లా పుట తెరిచి, ‘కలాసీ’ అనే మాటను పుటలో వెతికాం. మూడుచోట్ల పసుపురంగు వెలిగింది. ఆ వార్తలను నకలు చేసి, తేదీతో సహా దాచుకున్నాం. అట్లా దాచినవాటిలో కొన్ని ఇవాళ ఆ సైట్లలో లేవు. పత్రికలు సైట్లు మార్చినప్పుడు పాత పుటలు పోయాయి. నా సీ.డీ.లోని నకళ్ళు ఇవాళ్టికీ ఏ ఫోనులోనైనా తెలుగుగానే తెరుచుకుంటున్నాయి. దానికి కారణం అవి బొమ్మలుగా కాక అక్షరాలుగా దాచి ఉండటమే.

చరిత్ర రాయాలనుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు. 2000 తరవాతి పదేళ్ళూ తెలుగునేల మీద భూముల తగాదాలు, ఆత్మహత్యలు, ఫ్యాక్టరీల మూత, ఉద్యమాలు దండిగా జరిగిన కాలం. ఆ కాలపు పత్రికా రచనలో పెద్ద భాగం జాలంలో వెతకటానికి వీలులేని సంకేతాల్లో ఉండిపోయింది. తాళపత్రాన్ని చెదలు తినటానికి నూరేళ్ళు పడుతుంది. ఇక్కడ పదేళ్ళు చాలాయి.

5

మా బృందంలో ఒక వాదన తరచుగా వచ్చేది. ప్రతి పత్రికా తన ఖతి తాను పెట్టుకోవటం దాని స్వేచ్ఛ కదా, అందరూ ఒకే ప్రమాణానికి లొంగాలనటం నిర్బంధం కదా అని. దీనికి జవాబు అనకాపల్లి బెల్లం మార్కెట్టులోనే ఉన్నది. బెల్లం దిమ్మ ఎవరి దిమ్మ వాళ్ళదే, రంగూ రుచీ రైతు రైతుకూ వేరు. తూకం రాళ్ళు మాత్రం అందరికీ ఒకటే కావాలి. షావుకారుకొక వీశె, ఊరికొక మణుగు ఉన్నంతకాలం నష్టపోయింది రైతే. 1956 చట్టంతో దేశమంతటా కిలో వచ్చినప్పుడు రైతు స్వేచ్ఛ తగ్గలేదు. షావుకారు రాళ్ళు మార్చే స్వేచ్ఛ తగ్గింది. యూనికోడ్ కూడా అటువంటి తూకం రాయే. ఖతులు ఎన్నయినా ఉండనీయండి, ‘క’ విలువ మాత్రం అందరి యంత్రాల్లోనూ ఒకటే కావాలి.

ఒక దేశం మొత్తం ఒకే కంపెనీ రాళ్ళకు అలవాటుపడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపింది. 1990ల చివర బ్యాంకు లావాదేవీల భద్రత కోసం ఆ దేశం సీడ్ అనే సొంత గూఢలిపి పద్ధతిని తయారు చేసుకున్నది. 1999లో ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం చేసింది. ఉద్దేశం స్వావలంబన. కాని ఆ పద్ధతిని బ్రౌజరులో నడిపింది మైక్రోసాఫ్టువారి యాక్టివ్-ఎక్స్. ఫలితంగా ఎక్స్‌ప్లోరరు లేనిదే బ్యాంకు పనీ ప్రభుత్వ పనీ జరగని స్థితి ఏళ్ళ తరబడి సాగింది. ఆ ధ్రువపత్రాల ప్రత్యేక ప్రతిపత్తి చట్టంలోంచి తొలగింది 2020 డిసెంబరులో. స్వదేశీ సరుకును పరాయి గుమ్మంలోంచి అమ్మితే గుమ్మం యజమానే యజమాని అవుతాడు.

ఇక్కడ గురజాడ జ్ఞాపకం రావటం అసందర్భం కాదు. ఆయన పుట్టిన ఎస్. రాయవరం ఇప్పటి అనకాపల్లి జిల్లాలోనిదే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన అసమ్మతి పత్రంలోని వివాదం పైకి పరీక్షల్లో ఏ తెలుగు రాయాలన్నదే. లోపలి ప్రశ్న, చదువు గుమ్మం దగ్గర ఎవరు నిలబడి ఎవరిని రానిస్తారన్నది. గ్రాంథికం తెలిసినవాడికే గుమ్మం తెరుచుకునే పద్ధతిని ఆయన వ్యతిరేకించాడు. ఫలానా కంపెనీ సరుకు ఉన్నవాడికే తెలుగు కనిపించే పద్ధతి అదే ప్రశ్నను మరో రూపంలో మన ముందు పెట్టింది. రెండు సందర్భాలకూ తేడాలు చాలా ఉన్నాయి, వాటిని చెరిపేయాలని నా ఉద్దేశం కాదు. అక్షరాన్ని కొద్దిమంది అధీనంలోంచి బయటికి తేవటమన్న పని మాత్రం రెండింటికీ సామాన్యం.

6

2010 తరవాత మన పత్రికలు ఒక్కటొక్కటిగా యూనికోడుకు మారాయి. ఫోన్లు వచ్చాయి, ఫోన్లలో తెలుగు వచ్చింది. ఎక్స్‌ప్లోరరును 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే విరమింపజేసింది. పద్మ అవసరం తీరిపోయింది. ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులో తన పాత పొడిగింపుల పద్ధతిని మార్చినప్పుడు ఆ తరం పొడిగింపులు ఆగిపోయాయి. ఇంతటితో కథ సుఖాంతమని చెప్పి ముగించవచ్చు. అది చరిత్ర కాదు.

2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వచ్చింది. మొదట అదీ ప్రత్యామ్నాయమే. మంచి బ్రౌజరు కూడా. దాని కింద ఉన్న యంత్రాంగానికి మూలం, కె.డి.ఇ. అనే స్వేచ్ఛా సాఫ్టువేరు బృందం రాసిన కె.హెచ్.టి.ఎం.ఎల్. దాన్ని ఆపిల్ కంపెనీ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, వెబ్‌కిట్‌ను గూగుల్ తీసుకుని 2013లో బ్లింక్ చేసింది. నార్వేలో పుట్టిన ఒపెరా అదే ఏడాది తన యంత్రాంగాన్ని వదిలి ఇటు వచ్చింది. 2020లో మైక్రోసాఫ్టు ఎడ్జ్ కూడా వచ్చింది. పదిరకాల పేర్లతో పది బ్రౌజర్లు కనిపిస్తున్నా, మూత తీస్తే అత్యధిక భాగం లోపల ఒక్కటే యంత్రాంగం. ఆపిల్‌ది, మొజిల్లాది మాత్రమే వేరు.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 2010లో బెంగుళూరునుంచి ఎపిక్ అనే బ్రౌజరు భారతీయ భాషలతో వచ్చింది. మొజిల్లా ఆధారంగా మొదలై, తరవాత గూగుల్ పునాదికి మారింది. 2025లో కేంద్ర ప్రభుత్వపు దేశీయ బ్రౌజరు పోటీలో మొదటి బహుమతి పొందిన జోహో సంస్థ ‘ఉలా’ కూడా ఆ పునాదిమీద కట్టినదే. ఈ కృషిని తక్కువ చేయనక్కరలేదు. అయితే పునాది ఎటు కదిలితే గోడలూ అటే కదులుతాయి. 2024నుంచి క్రోమ్ తన పొడిగింపుల పద్ధతిని మార్చి, ప్రకటనలను అడ్డుకునే బలమైన పొడిగింపులను ఆపేసింది. పాఠకుడు తన కిటికీకి తాను తెర వేసుకోవచ్చునా లేదా అన్నది, ప్రకటనలమీద బతికే కంపెనీ నిర్ణయించింది.

మరి ఫైర్‌ఫాక్స్ స్వతంత్రమా? మొజిల్లా ఆదాయంలో అధిక భాగం, వెతికే యంత్రంగా గూగుల్‌ను ముందుంచినందుకు గూగుల్ ఇచ్చే సొమ్మే. ఒక్క 2021లోనే ఇటువంటి ఏర్పాట్లకు గూగుల్ వివిధ కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు కోర్టులో బయటపడింది. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా గూగుల్‌ది అక్రమ గుత్తాధిపత్యమని తీర్పు చెప్పాడు. 2025 సెప్టెంబరులో, క్రోమ్‌ను అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను తిరస్కరించాడు. 2001నాటి మైక్రోసాఫ్టు కేసు జ్ఞాపకమున్నవాళ్ళకు ఈ తీర్పు ఆశ్చర్యం కలిగించదు. కోర్టులు గుత్తాధిపత్యాన్ని గుర్తిస్తాయి, దాని కాళ్ళు మాత్రం కదిలించవు.

కనక ప్రత్యామ్నాయం అనేది ఒక గుర్తులోనో ఒక కంపెనీ పేరులోనో శాశ్వతంగా ఉండే గుణం కాదు. నెట్‌స్కేప్ ఒకనాటి గుత్తదారు, దాని శిథిలాల్లోంచే మొజిల్లా వచ్చింది. క్రోమ్ ఒకనాటి ప్రత్యామ్నాయం, ఇవాళ అదే గుత్తదారు. నిలిచినవి రెండు: అందరికీ ఒకటిగా ఉండే ప్రమాణం, తెరిచి చూడటానికీ మార్చటానికీ వీలున్న మూలరచన. ఈ రెండూ ఉన్నప్పుడు పద్మలాంటిది ఒక మనిషి చేయగలుగుతాడు. అవి లేనప్పుడు కోట్లమంది మాట్లాడే భాష కూడా కంపెనీ దయకోసం ఎదురుచూస్తుంది.

ఇప్పుడు అనకాపల్లిలో నెట్ సెంటరు కోసం వెతకనక్కరలేదు, ప్రతి చేతిలోనూ అది ఉన్నది. ఫోను కొన్నప్పుడే బ్రౌజరు అందులో ఉంటుంది, దాన్ని మార్చవచ్చునన్న ఆలోచనే చాలామందికి రాదు. మన గ్రంథాలయాలు, యువజన సంఘాలు, సాహిత్య సంస్థలు చదవటం రాయటం నేర్పినట్లే ఈ సాధనాన్ని ఎంచుకోవటమూ నేర్పాలి. రెండో బ్రౌజరు ఒకటి ఎక్కించుకోవటం, అందులో తెలుగు ఎట్లా కనిపిస్తున్నదో పోల్చి చూడటం, మన పత్రికలూ సంస్థలూ తమ పాత సంచికలను బొమ్మలుగా కాక యూనికోడ్ అక్షరాలుగా దాచేటట్లు పట్టుబట్టటం. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 2000 తరవాతి పదేళ్ళ వార్తలు పాత ఖతుల్లో ఇంకా ఎవరెవరి దగ్గర ఉన్నాయో, అవి పూర్తిగా పోకముందే వాటిని మార్చి దాచవలసి ఉన్నది. ఆ పనికి జిల్లాకు ఐదారుగురు చాలు.